సులోచన మేడమ్ తన మీద వేసుకున్న తప్పు

మొన్న మంగళవారం ఉదయం డాక్టర్ సులోచన గారు ఇక లేరన్న వార్త ఫోనులో విన్నాక నేను చేసిన మొదటి పని చేతి గడియారం చూసి వేళ రాసుకోవడం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఇది చదివి ఎవరైనా నన్ను రాతిగుండె మనిషి అనుకుంటే అనుకోనివ్వండి. ఏ సంగతి తెలిసినా ముందు వేళ రాసుకో, తర్వాత దుఃఖపడు, ఆ తర్వాత ఆలోచించు అని పదిహేనేళ్లు నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది ఆవిడే. రాసుకున్న అంకెలు వంకరటింకరగా ఉన్నాయి. రెండు రోజుల ముందే నాతో మాట్లాడి, శామీర్‌పేట రోడ్డు వెడల్పు చేస్తున్నవాళ్లను నాలుగు తిట్టి ఫోను పెట్టేసిన మనిషి. గుండె జబ్బు ఉన్న సంగతి ఇంట్లోవాళ్లకే తెలియనప్పుడు శిష్యులం మాకెలా తెలుస్తుంది?

పోయినవారి గురించి మంచే చెప్పాలంటారు. నేను ఒక మచ్చ గురించి కూడా చెప్పాలి. ఆవిడ ఉద్యోగ చరిత్రలో అదొక్కటే మచ్చ. మా సంస్థలో పాతవాళ్లందరికీ తెలుసు. సభల్లో ఆవిడను వేనోళ్ల పొగిడి, టీలు తాగే దగ్గర గొంతు తగ్గించి దాన్ని తలుచుకునేవారు. ఆ మచ్చ నాది. పన్నెండేళ్లు ఆవిడ మోశారు. ఆవిడ చేతుల మీదుగా మొదలైన ప్రయోగశాలకు ఈనాడు బాధ్యురాలిని నేను. ఈ వ్యాసం అచ్చయ్యాక ఆ కుర్చీ నాకు ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఏదైనా సరే, చెప్పే తీరతాను. కానీ ముందు ఆవిడ ఎవరో చెప్పాలి.

గౌడవెల్లిలో భూములున్న ఇంట పుట్టి, మేడ్చల్ బడిలో చదివి, ఉత్తరాదిన ఒక పరిశోధనాలయంలో కాంతి గడియారాల విద్య నేర్చుకుని, తొంభైల మొదట్లో మా చిన్న సంస్థకు వచ్చిన భౌతిక శాస్త్రవేత్త ఆవిడ. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో, అప్పటికి చుట్టూ బండరాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని చోట ఉండేది మా సంస్థ. భౌతిక శాస్త్రానికీ సమాజ శాస్త్రానికీ కలిపి ఒకటే వరండా. కాంతి గడియారం అంటే ఏమిటని అడిగిన ప్రతివారికీ, మంత్రిగారికైనా, వాచ్‌మన్‌కైనా, ఆవిడ ఒకే జవాబు చెప్పేవారు: "గోడ గడియారంల లోలకం ఊగుతది, మనం లెక్కవెడతం. వెలుగు గూడ ఊగుతది. మస్తు జల్దీ ఊగుతది. దాని ఊగుడు లెక్కవెట్టనీకి వచ్చిందనుకో, అంతకన్న సక్కటి గడియారం లోకంల ఉండదు. గా లెక్కకు లేజరు కదలకుంట నిలవడాలె. నా బతుకంత గా నిలకడ కోసమే."

ఎంత పెద్ద సభలోనైనా ఆవిడ మాట్లాడేది ఈ భాషే. ఒకసారి మా దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, నాలాగే గోదావరి జిల్లా వాడే, సభ అయ్యాక చిరునవ్వుతో "విషయం ఉదాత్తంగా ఉంది గానీ, భాష కాస్త..." అని నసిగారు. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "భాష నాది సార్, లెక్క అందరిది. లెక్కల తప్పుంటె జెప్పుండ్రి, దిద్దుకుంట" అన్నారు. మావాళ్లు అక్కడినుంచి వలస వస్తే పేట్ బషీరాబాద్‌లో కొత్తగా వెలిసిన కాలనీలో పెరిగిన నేను, అంతవరకు ఆ భాషను కూరగాయల బేరానికి తప్ప వాడరనుకున్న దాన్ని. ఆవేళ చెంప చెళ్లుమన్నట్టయింది.

ఊళ్లో ఆవిడ తమ్ముడు సర్పంచిగా చేసి, తర్వాత ప్లాట్ల వ్యాపారంలోకి దిగాడు. అక్క అంటే భయమూ ఉంది, వేళాకోళమూ ఉంది. "అక్కా, నువ్వు సెకన్లు ముక్కలు జేస్తవు, నేను ఎకరాలు ముక్కలు జేస్త. ఇద్దరిది ఒకటే పని" అనేవాడు. ఆవిడ వంతుకు వచ్చిన భూమిని కూడా లేఅవుట్‌లో కలపమని ఏళ్ల తరబడి అడిగాడు. "నా సెకన్లు ముక్కలు జేస్తె ఎవరి బర్లకు గడ్డి తక్కువ గాదు" అని ఆవిడ సంతకం పెట్టలేదు. పోయేదాకా పెట్టలేదు. వద్దనుకున్నదాన్ని వద్దనడంలో ఆవిడను కదిలించినవాళ్లు లేరు.

ఇంతటి సూక్ష్మ గడియారాల మనిషి ఊళ్లవాళ్ల గోడ గడియారాల దాకా ఎలా వచ్చారని చాలామంది అడుగుతుంటారు. దానికి కారణం క్వారీ. మా సంస్థకు కూతవేటు దూరంలో బండలు పేల్చేవారు. పేల్చినప్పుడల్లా ప్రయోగశాలలో బల్ల అదిరి, గంటల తరబడి నిలబెట్టిన లేజరు చెదిరిపోయేది. పేల్చే వేళ తెలిస్తే ఆ కాసేపు పని ఆపుకోవచ్చు కదా అని ఆవిడ నన్ను వెంటబెట్టుకుని క్వారీకి వెళ్లారు. అక్కడ మేస్త్రీ మైసయ్య.

"ఎప్పుడు పేలుస్తరు?" అని ఆవిడ అడిగారు.

"అన్నాలు దిన్నంక మేడమ్."

"అన్నాలెప్పుడు దింటరు?"

"పాసింజర్ వొయినంక."

"పాసింజర్ ఎప్పుడు వోతది?"

"అదొచ్చినప్పుడు వోతది మేడమ్, మా చేతులున్నదా" అన్నాడు మైసయ్య, కండువాతో మెడ తుడుచుకుంటూ.

నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. తిరిగి వచ్చి, లేజరు చెదిరిన వేళలన్నీ ఉన్న పాత కాగితాలు ముందు వేసుకుని, స్టేషన్‌లో పాసింజర్ వచ్చిన వేళలు రాసుకొచ్చి, రెండింటినీ పక్కపక్కన పెట్టారు. రైలు ఆలస్యమైన రోజున పేలుడూ అంతే ఆలస్యం. ముందొచ్చిన రోజున పేలుడూ ముందే. "మైసయ్య ఒక్కనాడు గూడ తప్పు జెప్పలే బిడ్డా. నాకే అడుగుడు రాలే" అన్నారు. అప్పటినుంచి ఆవిడకు రెండు పనులయ్యాయి: ఉదయం కాంతి గడియారం, మధ్యాహ్నం నుంచి మనుషుల గడియారం. వరండాకు అవతల ఉన్న సమాజ శాస్త్రం వాళ్లు తమ పొలంలో ఎద్దు పడ్డట్టు చూశారు. ఇవతల ఉన్న మావాళ్లు, మేడమ్‌కు ఎండదెబ్బ తగిలిందన్నారు.

గౌడవెల్లిలో ఏ ఇంట్లో కాలాన్ని దేనితో కొలుస్తారు, ఆ కొలతతో ఏ పనులు నడుస్తాయి అన్నది పరిశోధన. అప్పటికి ఊళ్లో సగం మంది పొలం పనికీ, సగం మంది గాజులరామారం వైపు కంపెనీలకూ పోతున్నారు. సైకిళ్ల మీద, మోటారు సైకిళ్ల మీద, కంపెనీ బండి ఎక్కి. ఇంటింటికీ తిరిగి రాసుకొచ్చే పని నాకు అప్పగించారు. నేను భౌతిక శాస్త్ర విద్యార్థిని. రేడియోలో వార్తల ముందు వచ్చే పిప్ పిప్‌లు విని వాచీ సరిచేసుకోనిదే ఇల్లు కదలని రకం. మొదటి ఇంట్లోనే గోడ గడియారం పది నిమిషాలు ముందుంది. రెండో ఇంట్లో పన్నెండు. మూడో ఇంట్లో అయిదు. అయ్యో, పాపం, చెప్పేవాళ్లు లేక తప్పుడు గడియారాలతో బతుకుతున్నారు అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. ఆ వాడంతా తిరిగి ప్రతి ఇంట్లో స్టూలు ఎక్కి, గడియారం దించి, నా వాచీ చూసి ముల్లు సరిగ్గా తిప్పి, అద్దం కూడా కొంగుతో తుడిచి తగిలించి వచ్చాను. చేసిన ఉపకారం ఎవరికీ చెప్పలేదు కూడా, గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని.

ఆ వాడలో యాదమ్మ ఇల్లుంది. మందుల కంపెనీలో సీసాలు ప్యాక్ చేసే పని ఆమెది. ఇంకో నెల గడిస్తే పర్మినెంట్ అవుతుంది, నాగా లేకుండా హాజరైతే. నేను వెళ్లినప్పుడు ఆమె డ్యూటీలో ఉంది. ఇంట్లో చూపు ఆనని అత్త ఒక్కతే మంచం మీద కూర్చుని ఉంది. యాదమ్మ ఇంట్లో గడియారం పదిహేను నిమిషాలు ముందుండేది. ఆరున్నర కొట్టగానే బయల్దేరేది. నిజానికి అప్పటికి ఆరుంబావే. కంపెనీ బండి దొరికేది. నేను ముల్లు తిప్పిన మర్నాడు ఆమె ఎప్పటిలాగే ఆరున్నరకు బయల్దేరింది. బండి పోయింది. బండే ముందొచ్చి పోయిందనుకుంది. ఆ మర్నాడూ అంతే. రెండు నాగాలు పడ్డాయి. మూడో రోజు ఎలాగో ముందే వెళ్లి బండెక్కితే, గేటు దగ్గర ఆమె పేరు కొట్టేసి ఉంది.

నేను నా కాగితాలు పట్టుకుని మురిసిపోతూ "అన్ని గడియారాలూ సరిచేసేశాను మేడమ్" అని చెప్పిన పూట, యాదమ్మ భర్త ఊళ్లో ఈ సంగతి చెప్పుకుంటున్నాడని ఆవిడకు అప్పటికే కబురు అందింది. ఆవిడ నా కాగితాలు ఒక్కొక్కటే తిరగేశారు. కట్ట పక్కన పెట్టి, "మనం కొలవాల్సిందే గది బిడ్డా. ఎవలు ఎంత ముందుకు వెట్టుకున్నరో, ఎందుకు వెట్టుకున్నరో. నువ్వు దాన్ని తుడిచేసినవు. దానికంటే ముందుగల, ఒక మనిషి కడుపు మీద కొట్టినం" అన్నారు. కొట్టినవు అనలేదు, కొట్టినం అన్నారు. ఆ మాటలో నాకు దొరికిన ఊరటను తలుచుకుంటే నాకిప్పటికీ నా మీద అసహ్యం వేస్తుంది.

మర్నాడు ఆవిడ కంపెనీ గేటు దగ్గరకు వెళ్లారు. మేనేజరు కలవలేదు. రెండో రోజూ వెళ్లారు, కలవలేదు. మూడో రోజు ఇంటినుంచి చాప తీసుకెళ్లి గేటు పక్కన పరుచుకుని, కాగితాలు ముందు పెట్టుకుని తన లెక్కలు చేసుకుంటూ కూర్చున్నారు. షిఫ్టు దిగినవాళ్లంతా ఆగి చూస్తుంటే మేనేజరే బయటికి వచ్చాడు. "గడియారం దిప్పింది నా పరిశోధన. ఆమె తప్పు ఒక్క నిమిషం గూడ లేదు. ఆమెను లోపలికి దీస్కోండ్రి" అని ఆవిడ చెప్పారు. ఆ మాట మీ సంస్థ కాగితం మీద రాసి ఇస్తారా అన్నాడతను, ఇవ్వరన్న ధైర్యంతో. ఆవిడ అక్కడే చాప మీద కూర్చుని రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. యాదమ్మను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. కానీ లెక్క మొదటినుంచి మొదలు. ఆమె పర్మినెంట్ కావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.

ఆ కాగితం నకలు మా సంస్థకు చేరింది. అనుమతి లేకుండా సంస్థ తరఫున తప్పు ఒప్పుకున్నందుకు పెద్దలు కమిటీ వేశారు. గడియారాలు తిప్పింది ఏ విద్యార్థి అని అడిగారు. నేను ఆ గదిలోనే, గోడ వారన, కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "విద్యార్థి ఎవలు లేరు. పథకం నాది, తప్పు నాది" అన్నారావిడ. పేరు చెబితే మీకు మేలవుతుందని కూడా అన్నారు. "నా మేలు నేను జూసుకుంట" అన్నారు. ఆవిడ నావైపు ఒక్కసారైనా చూడలేదు. చూస్తే నా నోరు పెగిలేదేమో అని చాలాసార్లు అనుకున్నాను. అది కూడా నేను నాకు చెప్పుకునే సాకే. ఆ నెలాఖరుకు లేజరు పథకం ఆవిడ చేతినుంచి తీసి వేరేవాళ్లకిచ్చారు. ఏ నిలకడ కోసం తన బతుకంతా అన్నారో, ఆ బల్ల దగ్గరకు ఆవిడ మళ్లీ వెళ్లలేదు.

ఇంకొకరైతే మంచం పట్టేవారు. ఆవిడ గౌడవెల్లి సర్వేను మొదటి ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఒక్కరే. మొదట ప్రతి గడపలో జరిగింది చెప్పి, తప్పయిందని చెప్పి, మళ్లీ అడగవచ్చా అని అడిగారు. కొందరు తలుపేసుకున్నారు. వాళ్ల దగ్గరకు మళ్లీ వెళ్లారు. తర్వాత మమ్మల్ని కలుపుకున్నప్పుడు ఒకటే నియమం: ఇంట్లో అడుగు పెడితే చేతులు వెనక్కి కట్టుకోవాలి. గోడ మీద ఏదీ ముట్టకూడదు. అలా చేతులు వెనక్కి పెట్టుకుని వరసగా నడిచే మమ్మల్ని చూసి ఊళ్లో ఆడవాళ్లు "చేతుల్లేని సార్లొచ్చిండ్రు" అని నవ్వేవారు. ఆవిడా నవ్వేవారు. రెండేళ్లు పట్టింది. పొలమున్న ఇళ్లలో గడియారం ఆగిపోయినా పట్టించుకున్నవాళ్లు లేరు. సొంత మోటారు సైకిలున్న ఇంట్లో నాలుగైదు నిమిషాలు ముందుండేది. కంపెనీ బండికి పోయే ఇంట్లో, అందులో ఇంకా పర్మినెంట్ కాని ఆడవాళ్లున్న ఇంట్లో, అన్నిటికంటే ముందుండేది. "గడియారం ఎంత ముందుంటే, గా ఇంటోళ్ల నెత్తిమీద అంత భయమున్నట్టు" అన్నది ఆవిడ కనిపెట్టిన సంగతి. సెకనులో కోటానుకోట్ల వంతును వెతికిన మేధస్సు ఆ పదిహేను నిమిషాల ముందు తలవంచి నిలబడింది.

ఆ పరిశోధన వ్యాసం రాసేటప్పుడు ఆవిడ నన్ను పిలిచి, "తప్పు గురించి ఒక పేరా ఉండాలె. గది నువ్వు రాయి" అన్నారు. మూడు రోజులు గడువిచ్చారు. నాలుగో రోజున తెల్ల కాగితం పట్టుకెళ్లి, నాకు రావట్లేదు మేడమ్ అన్నాను. ఆవిడ ఆ కాగితం తీసుకుని, "సరే బిడ్డా, నీకు వచ్చినప్పుడు రాద్దువులే" అని తనే రాశారు: ప్రధాన పరిశోధకురాలు మొదటి సర్వేలో గడియారాలను సరిచేసి, ఫలితాలను పాడుచేసి, ఒక కార్మికురాలికి నష్టం కలిగించింది. ఆ వ్యాసంలో నా పేరు రెండోది. దానితో నాకు డాక్టరేటు వచ్చింది. ఉద్యోగం వచ్చింది. తర్వాత లేజరు బల్ల కూడా నాకే వచ్చింది. వెళ్లి చెబితే "మంచిగ నిలవెట్టు" అని భుజం తట్టారు. ఆవిడకు ఆ సంగతి గుర్తే లేదని, ఎప్పుడో క్షమించి మరిచిపోయారని నమ్ముకుని ఇన్నేళ్లు బతికాను. మనిషికి సుఖాన్నిచ్చే నమ్మకాలకు రుజువులు అక్కర్లేదు.

అంత్యక్రియలయిన మర్నాడు నేను గౌడవెల్లి వెళ్లాను, యాదమ్మకు చెప్పాలని. ఆమె కంపెనీ నుంచి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటోంది. అత్త పోయిందట. జుట్టు నెరిసింది. కూర్చోమని కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే చెప్పేశాను, "యాదమ్మా, ఆనాడు మీ గడియారం తిప్పింది సులోచన గారు కాదండీ. నేను. మీ ఉద్యోగం పోయింది నా వల్ల."

ఆమె తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ, "నాకెర్కలేదా?" అంది. "మా అత్తకు కండ్లు ఆనకపోతె ఏంది, చెవులు ఇనవడయా? మేడమ్ గొంతు అత్తకు ఎర్కనే, ఊరి బిడ్డ గదా. 'అండి అండి అంటాంది, ఒక పిల్లొచ్చి స్టూలు గుంజుకున్నది' అని గా దినమే జెప్పింది."

"మరి మీరెవరితోనూ అనలేదేం?"

"మేడమ్ వద్దన్నది. నేను కొట్లాడిన గూడ. చేసినోళ్లను వట్టుకొచ్చి అడుగుత అన్న. ఇగ మేడమ్ ఏమన్నదంటె, 'నువ్వు అడుగకు యాదమ్మా. అడిగితె భయానికి జెప్తది. తనంత తానే వచ్చి జెప్తది, జూడు' అన్నది." యాదమ్మ కుర్చీ మళ్లీ నా వైపు జరిపింది. "ఎప్పుడొచ్చినా అడిగేది. 'పద్మజ వచ్చిందా నీ కాడికి?' అని. రాలే మేడమ్ అంటె, 'వస్తది తీయ్' అనేది. మొన్న పండుగకు గూడ అడిగింది."

నేను అక్కడ ఎంతసేపు ఏడ్చానో రాసుకోలేదు.

ఆవిడ పోయే రెండు రోజుల ముందు, అంతకు ముందు వారం కూడా ఫోనులో నాతో మాట్లాడారు. రోడ్డు గురించి, లేజరు గురించి, మా అమ్మ మోకాళ్ల గురించి. ఈ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. నేను చెబుతానని ఆవిడకు నమ్మకం. నాకు లేనంత నమ్మకం నా మీద పెట్టుకున్న మనిషి ఆవిడ.

పరిశోధన వ్యాసం అచ్చయిన పత్రికకు సవరణ పంపాను. సంస్థకు ఉత్తరం ఇచ్చాను. వాళ్లు ఏం చేసినా శిరసావహిస్తాను. ఈ పేరా ఆనాడు నన్ను రాయమన్నది, ఇప్పుడు రాస్తున్నాను. గౌడవెల్లి గడియారాలను తిప్పి, సర్వేను పాడుచేసి, యాదమ్మ పేరు గేటు దగ్గర కొట్టేయించింది పద్మజ. డాక్టర్ సులోచన గారికి అందులో ఏ పాత్రా లేదు. ఆవిడ పేరు పక్కన ఉన్న ఆ మచ్చను తుడిచేయమని ఆవిడను ఎరిగిన ప్రతి ఒక్కరినీ చేతులు జోడించి వేడుకుంటున్నాను. ఆ మహనీయురాలికి నేను పెట్టగల నమస్కారం ఇదొక్కటే. వస్తది తీయ్ అని నా గురించి చెప్పే మనిషి ఇప్పుడు ఈ లోకంలో లేదు.